నవ్వించే చిన్న సినిమాకు రెండో వారం ఇవ్వండి

2018 జూన్‌లో టోక్యోలోని రెండంటే రెండు థియేటర్లలో ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ అనే హాస్య చిత్రం విడుదలైంది. దర్శకుడు షినిచిరో ఉయేదా అప్పటికి పేరున్నవాడు కాదు. నటీనటుల్లోనూ జనానికి తెలిసిన ముఖాలు లేవు. ఖర్చు సుమారు 30 లక్షల యెన్లు, షూటింగ్ ఎనిమిది రోజులు. చూసినవాళ్ళు కథ బయటపెట్టకుండానే, తప్పకుండా చూడమని పదిమందికీ చెప్పారు. ఆ నోటి మాటతోనే సినిమా వందలాది థియేటర్లకు పాకి, 300 కోట్ల యెన్లకు పైగా వసూలు చేసింది.

ఆ అదృష్టం అన్నిటికీ పట్టదు. పెద్ద సంస్థల అండ లేకుండా, తక్కువ డబ్బుతో తీసిన హాస్య చిత్రాల్లో చాలావాటి పేరు కూడా మనదాకా రాదు. ఇందులో నష్టపోతున్నది ప్రేక్షకులేనని మేము గట్టిగా నమ్ముతున్నాం. డబ్బు లేని చోట కొత్త రకం నవ్వు పుట్టడం ఈ సినిమాల్లో తరచూ కనిపిస్తుంది.

కెవిన్ స్మిత్ తీసిన ‘క్లర్క్స్’ (1994) సంగతే చూడండి. పగలు తాను పనిచేసే కొట్టులోనే రాత్రిళ్ళు షూటింగ్ చేశాడు. కథ జరిగేదేమో పగలు. బయటి చీకటి కెమెరాకు చిక్కకూడదు. అందుకని ఎవరో తాళాల్లో చూయింగ్ గమ్ కుక్కారని, షట్టర్లు తెరుచుకోవడం లేదని కథలోనే రాసుకున్నాడు. కొట్టు తెరిచే ఉందని గుడ్డ మీద రాసి బయట వేలాడదీయడం ఆ సినిమాలో గుర్తుండిపోయే జోకైంది. షూటింగ్‌కు అయిన ఖర్చు 27 వేల డాలర్ల పైచిలుకు. ‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’ (1975)లో గుర్రాలకు డబ్బు చాలక కొబ్బరి చిప్పలు కొట్టి డెక్కల చప్పుడు చేయించారు. నిజం గుర్రాలే ఉండి ఉంటే ఆ సన్నివేశాన్ని ఇన్నేళ్ళ తర్వాత ఎవరు తలుచుకునేవారు? ఈ మధ్యదే ‘హండ్రెడ్స్ ఆఫ్ బీవర్స్’ (2022). సుమారు లక్షన్నర డాలర్లతో, నలుపు తెలుపుల్లో, దాదాపు మాటల్లేకుండా తీశారు. అందులో బీవర్లనే జంతువులన్నీ వేషం తొడుక్కున్న మనుషులే. ఆ సంగతి దాచాలని కూడా చూడలేదు, అదే నవ్వు తెప్పిస్తుంది.

చవకగా తీసిన ప్రతి కామెడీ బాగుంటుందని మేము అనడం లేదు. మాట సరిగ్గా వినబడకపోతే జోకు పోతుంది. షాట్ అర సెకను ఎక్కువసేపు నిలిచినా పంచ్ పేలదు. ఏడిపించే సన్నివేశం కాస్త తడబడితే సంగీతం ఆదుకుంటుంది, నవ్వించే సన్నివేశానికి ఆ ఆసరా కూడా తక్కువే. స్టార్ కనబడగానే నవ్వడానికి సిద్ధమయ్యే ప్రేక్షకుడు, కొత్త ముఖం ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అతన్ని నవ్వించాలంటే రాత గట్టిగా ఉండాలి, టైమింగ్ కుదరాలి. ఇంత పనితనం ఉన్నా ఎవరూ పట్టించుకోవడం లేదన్నదే మా బాధ.

అవార్డుల దగ్గర కన్నీళ్ళకున్న గౌరవం నవ్వుకు లేదు. సమీక్షలు కూడా చాలాసార్లు ‘టైంపాస్’ అన్న ఒక్క మాటతో సరిపెడతాయి. ప్రచారానికి డబ్బెలాగూ ఉండదు. ఉన్న మంచి జోకులన్నీ ట్రైలర్‌లో పెట్టేస్తే సినిమాలో పేలవు, దాచుకుంటే హాలుకు జనం రారు. ఓటీటీలో దొరికినా ఒంటరిగా ఫోన్లో చూస్తాం. పక్కవాళ్ళ నవ్వు తోడైతే హాలు హోరెత్తే సీను కూడా అక్కడ చప్పగా గడిచిపోతుంది.

చిత్రోత్సవాలు ఈ సినిమాలను ఏ మూలో అర్ధరాత్రి ఆటకు నెట్టకుండా ప్రధాన పోటీలోకి తీసుకోవాలి. థియేటర్లు మొదటి మూడు రోజుల కలెక్షన్ చూసి ఎత్తేయకుండా, కనీసం ఒక్క ఆటనైనా రెండో వారం కొనసాగించాలి. నోటి మాట పాకడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. విమర్శకులు కథ చెప్పి వదిలేయకుండా, ఫలానా జోకు ఎందుకు పేలింది, ఎక్కడ కట్ పడింది, నటుడు ఎంతసేపు మౌనంగా ఉన్నాడు అన్నది రాయాలి. ప్రేక్షకులను మేము కోరేది ఒక్కటే. మీకు నచ్చిన చిన్న కామెడీ ఏదైనా ఉంటే, మలుపులు ముందే చెప్పకుండా, నలుగురిని కూర్చోబెట్టి చూపించండి.