ఉగాది సభలో సగంలో ఆగిన కథ

ఇక్కడ బ్రిటన్‌లో మన తెలుగు సంఘం మొన్న జరిపిన ఉగాది సభకి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం అయింది, పిల్లల కూచిపూడి అయింది, రాఫిల్ టికెట్లు రెండోసారి అమ్ముతున్నారు. అప్పుడు మా పక్కింటి పెద్దాయన వేదికెక్కారు. రిటైర్డ్ స్కూల్ టీచరు, ఎనభైకి దగ్గరపడ్డారు. మెడలో మనం వేసిన కండువా, చేతిలో నాలుగు కాగితాలు. ఇరవై నిమిషాలు ఇస్తామని పిలిచాం. ఏడో నిమిషంలో యాంకర్ "సార్, సాంబారు చల్లారిపోతోంది" అని నవ్వుతూ మైకు అందుకున్నారు. హాలంతా నవ్వింది, ఆయనా నవ్వారు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయారు. భోజనాల వరసలో నా వెనక ఎవరో అన్నారు: "దొరల పొలం తగాదాలు మనకెందుకండీ?"

ఆ మాటకి జవాబు చెబుదామనే ఇది రాస్తున్నాను. కోపంతో కాదు అని రాసి కొట్టేశాను. కొంచెం ఉంది.

ఆయన చెప్పబోయింది పాస్టన్ వాళ్ళ కథ. ఇంగ్లండ్ తూర్పున నార్ఫక్ తీరంలో పాస్టన్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్ళో క్లెమెంట్ అనే రైతు 1419లో పోయాడు. మహా ఉంటే నూరు, నూట ఇరవై ఎకరాలు, ఒక చిన్న నీటి మర. జీను లేని గుర్రం మీద ధాన్యం వేసుకుని, దానిమీదే కూర్చుని మరకి వెళ్ళేవాడట. కొడుకు విలియమ్‌ని అప్పు చేసి బడికి పంపాడు. పైచదువుకి సాయం చేసింది ఎవరో తెలుసా? మేనమామ. ఆ విలియమ్ లా చదివి, 1429లో జడ్జి అయి, దొరికిన పొలమల్లా కొన్నాడు. కవి చాసర్ కొడుకు దగ్గర గ్రెషమ్ అనే ఊళ్ళో కొన్నది కూడా అందులో ఉంది. ఇక్కడిదాకా చెప్పాకే మనకి సాంబారు గుర్తొచ్చింది.

అసలు కథ ఆ తర్వాతే. 1444లో జడ్జిగారు పోయారు. రాసిన వీలునామా ఒకటి ఉంది. మంచం మీద ఉన్నప్పుడు భార్యకీ, చిన్నపిల్లలకీ ఇంకొంత ఇస్తానని నోటితో అన్నారు. పెద్దకొడుకు జాన్ ఒప్పుకోలేదు. కాగితంలో లేనిది చెల్లదన్నాడు. తల్లితో, తమ్ముళ్ళతో తగువు ఏళ్ళతరబడి నడిచింది. పదిహేనేళ్ళు గడిచాయి. 1459లో సర్ జాన్ ఫాస్టల్ఫ్ అనే పెద్ద భూస్వామి పిల్లల్లేకుండా పోయాడు. అప్పుడు ఇదే జాన్ ఏమన్నాడు? చివరి రోజుల్లో ఆయన నాకే అన్నీ ఇస్తానన్నారు, కెయిస్టర్ కోటతో సహా, అన్నాడు! తండ్రి నోటిమాట చెల్లనివాడికి పరాయివాడి నోటిమాట చెల్లింది. ఆ కోట కోసం 1469లో నార్ఫక్ డ్యూక్ వేలమందితో వచ్చి ముట్టడించాడు. లోపల ఉన్నది ముప్ఫై మందో ఎంతో. కోట పోయింది. 1476లో డ్యూక్ చనిపోయాకే మళ్ళీ చేతికొచ్చింది.

నాకు వీళ్ళందరికంటే జాన్ భార్య మార్గరెట్ ఇష్టం. మొగుడు లండన్ కోర్టుల చుట్టూ తిరుగుతుంటే ఊళ్ళో పొలాలు కాసింది ఈవిడే. గ్రెషమ్‌ని 1448లో మొలెన్స్ ప్రభువు మనుషులు ఆక్రమించారు. అప్పుడు మొగుడికి రాసిన ఉత్తరం ఉంది. ఇక్కడి ఇళ్ళు మరీ పొట్టివి, పొడుగు విల్లు ఎక్కుపెట్టడానికి చోటు చాలదు, అడ్డవిల్లులు పంపు, బాణాలు పంపు అంటుంది. అదే ఉత్తరంలో ఒక పౌను బాదంపప్పు, ఒక పౌను పంచదార, పిల్లల గౌన్లకి గుడ్డ! 1450 జనవరిలో ఆ ప్రభువు మనుషులే వెయ్యిమంది వచ్చి, ఆవిడ ఉన్న గది గోడ కింద తవ్వి, ఆవిణ్ణి ఎత్తుకెళ్ళి గేటు బయట పెట్టారని జాన్ ఫిర్యాదులో రాశాడు. ఇంట్లో అప్పుడు ఉన్నది పన్నెండు మంది.

అలాగని దేవత కాదు. కూతురు మార్జరీ తమ ఎస్టేటు చూసే రిచర్డ్ కాల్‌ని రహస్యంగా పెళ్ళాడితే, 1469లో గుమ్మం తొక్కనివ్వలేదు. మా చెల్లెలు ఫ్రామ్లింగంలో కొవ్వొత్తులూ ఆవాలూ అమ్ముకోవాలా అని అన్న ఈసడించాడు. ముత్తాత జీను లేని గుర్రం మీద మరకి వెళ్ళినవాడు! మన సంబంధాల వాట్సాప్ గ్రూపు రోజూ చూసేవాళ్ళకి ఇందులో కొత్తేమీ కనిపించదు.

ఇదంతా మనకి ఎలా తెలిసింది? ఉత్తరాలూ, కాగితాలూ కలిపి వెయ్యికి పైగా మిగిలాయి. చాలావరకు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పొలం మీద దావా ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి ఎవరూ పారెయ్యలేదు. జడ్జిగారి భార్య ఆగ్నెస్ కొడుక్కి రాసిందట, మీ నాన్న ఎప్పుడూ అనేవారు, పాస్టన్‌లో బతకాలంటే తనను తాను కాపాడుకోవడం తెలిసుండాలని.

అన్నట్టు, కాగితాలు నిజమే చెబుతాయని కాదు. క్లెమెంట్ గుర్రం సంగతి రాసింది పడనివాళ్ళు, వీళ్ళది కట్టుబానిస వంశమని నిరూపించడానికి. 1466లో పాస్టన్లు రాజుగారి ముందు పాత పత్రాలు పెట్టి తాతముత్తాతల నుంచీ పెద్దమనుషులమేనని రాయించుకున్నారు. మా పక్కింటాయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. ఆయన పని అదే.

పోయిన ఏడాది నన్ను క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌కి తీసుకెళ్ళారు. (క్యూ అంటే వరస కాదు, లండన్‌లో ఒక పేట.) బ్యాగు లాకర్లో, పెన్ను కుదరదు, పెన్సిలే. మెత్తటి దిమ్మల మీద ఒక తోలు కాగితం పెట్టారు, నా జానెడు వెడల్పు. పైఅంచు తిన్నగా లేదు, అల కొట్టినట్టు కోసి ఉంది. పొలం చేతులు మారినప్పుడు కోర్టులో ఉత్తుత్తి దావా వేసి, రాజీ పడి, ఆ రాజీని ఒకే తోలు మీద మూడుసార్లు రాసి, అల్లిబిల్లిగా కోసేవారట. ఇద్దరికీ చెరొకటి, అడుగు ముక్క కోర్టుకి. రేపు ఎవరైనా దొంగకాగితం తెస్తే అంచులు కలవవు. 1195 నుంచి ఆరువందల ఏళ్ళకు పైగా అడుగు ముక్కలు దాచారు.

ఇంకో రకం కాగితం చూసి నవ్వాపుకోలేకపోయాను. మైనరు వారసుడికి పొలం అప్పగించాలంటే ఇరవై ఒకటి నిండాయని రుజువు కావాలి. పుట్టిన సర్టిఫికెట్ లేదు కదా, ఊరివాళ్ళని పిలిచి అడిగేవారు. ఒకడు ఆరోజే గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నానంటాడు, ఇంకొకడు ఆ వారమే మావాడికి బాప్తిస్మం అంటాడు. గుమాస్తాలు ఇవే జ్ఞాపకాలు తిప్పి తిప్పి రాసేవారు, అన్నీ నమ్మకు అన్నారు పెద్దాయన. మాది దివిసీమ. మా తమ్ముడు ఎప్పుడు పుట్టాడంటే అమ్మ ఈరోజుకీ "ఉప్పెన వచ్చిన ఏడు" అంటుంది. 1977 అని మేం లెక్కేసుకుంటాం.

అమ్మకి పెళ్ళిలో తాతయ్య ఎకరంన్నర పసుపు కుంకుమ కింద ఇచ్చారు. నోటితో. కాగితం తాతయ్య పేరునే ఉండి, తర్వాత పాస్‌బుక్ మామయ్య పేరుతో వచ్చింది. మామయ్య ఉన్నన్నాళ్ళూ సంక్రాంతికి బియ్యం బస్తాలు బండెక్కించి పంపాడు. నా ఇంటర్ ఫీజు కట్టింది కూడా ఆయనే. అది అమ్మ ఎకరంన్నర పంటలోదో, ఆయన సొంతమో నేను అడగలేదు. ఆయన పోయాక బస్తాలు ఆగిపోయాయి. కాగితం అడగవేం అంటే అమ్మ అంది, "తోడబుట్టినవాడి దగ్గర కాగితమేంటే?" 1986లో మన రాష్ట్రంలో కూతుళ్ళకి వాటా చట్టం వచ్చింది గానీ, అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు. అందులో మా అమ్మ ఒకతె.

ఆ చేను అమ్మదని చెప్పే రాత ఒకే ఒక్కచోట ఉండేది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో అమ్మ రాసిన నీలం రంగు ఏరోగ్రామ్ ఉత్తరాల్లో. "మామయ్య బస్తాలు దింపించాడు, మన చేను ఈసారి బాగా పండింది." మన చేను. 2011లో ఇల్లు మారినప్పుడు అవన్నీ రీసైక్లింగ్ డబ్బాలో వేసింది నేనే. క్యూలో ఆ అలల అంచు చూస్తూ కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

వరసలో మాట అన్నాయన తప్పేమీ కాదు, న్యాయంగా చెప్పాలంటే. ప్రోగ్రాం మూడుగంటలు దాటింది, పిల్లలు ఆకలితో ఉన్నారు. పైగా కాగితం మిగిలేది పొలం ఉన్నవాడికే. కెయిస్టర్‌లో కూలికి దున్నినవాడి పేరు ఏ ఉత్తరంలో వెతుకుతాం? మన ఊళ్ళని కొలిచి, సర్వే నంబర్లు వేసి, రికార్డు రాసింది కూడా ఈ దేశం దొరలే. అందులో మన అమ్మమ్మల పేర్లు ఎన్ని ఉన్నాయో చూసినవాళ్ళకి తెలుసు. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా ఆ ఇరవై నిమిషాలు ఎక్కువని అనిపించడం లేదు. రాఫిల్‌కి నలభై ఇచ్చాం.

మార్గరెట్ ఒక్కగానొక్క కూతురు. అన్నదమ్ములు లేరు కాబట్టి పుట్టింటి మాట్బీ పొలం ఆవిడకే వచ్చింది. 1482లో వీలునామా రాస్తూ, తనని మొగుడి పక్కన వద్దు, మాట్బీ చర్చిలో పూడ్చమంది. తన పుట్టింటివాళ్ళ చిహ్నాలు రాతి మీద ఎలా చెక్కాలో కూడా చెప్పింది. చర్చిలో ఆ వైపు భాగం ఇప్పుడు లేదు. వీలునామా ఉంది.

కార్యవర్గానికి నేను అడిగేది ఇంతే. దసరా సభలో ఒక మూల ఒక బల్ల, ఒక స్కానర్ పెట్టండి. ట్రంకు పెట్టెలో దస్తావేజులున్నా, అడంగల్ నకలున్నా, అమ్మల ఉత్తరాలున్నా ఎవరికి వాళ్ళు తెచ్చి స్కాన్ చేసుకుంటారు. ఊళ్ళో అమ్మానాన్నలు ఉన్నవాళ్ళు ఈ ఆదివారం ఫోన్లో వాతావరణం అయ్యాక పొలం సంగతి కూడా అడిగి, రాసుకోండి. ఎవరిదో, ఎవరిచ్చారో, నోటితోనో కాగితంతోనో. తగువు కోసం కాదు. తగువు కోసమే అయినా నాకు అభ్యంతరం లేదు.

పెద్దాయన్ని మళ్ళీ పిలుస్తామని ఇంకా ఎవరూ అనలేదు. నేనే గోడ మీంచి అడిగాను, దసరాకి వస్తారా అని. వస్తానన్నారు. కాసేపాగి, ఈసారి భోజనాల తర్వాత పెట్టమంటావా అని అడిగారు.