హారం కనబడుటలేదు

భిన్నంలో గీతకు పైన ఉండేది లవం, కింద ఉండేది హారం. మెడలో వేసే దండను కూడా తెలుగులో హారమనే అంటారు. కింది హారాన్ని మాయం చేసి పైవాడి మెడలో హారం వేసే విద్యను లోకానికి నేర్పింది మన ఇంటర్ కాలేజీలేనని ఇన్నాళ్లూ గర్వపడుతూ వచ్చాను. ఫలితాలొచ్చిన మర్నాడు టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు" అంటూ ఊపిరి తీసుకోకుండా చదివే ఆ గొంతు, మొత్తం ఎందరు పరీక్ష రాశారో ఏనాడైనా చెప్పిందా? చెబితే దండ వాడిపోతుంది. రెండుసార్లు అమెరికా వెళ్లొచ్చాక నా గర్వం అణిగింది. ఈ విద్యలో వాళ్లు మనకేమీ తీసిపోరు. పైగా మనం తల్లిదండ్రుల సొమ్ముతో చేసేది వాళ్లు ప్రభుత్వ సొమ్ముతో చేస్తున్నారు.

అక్కడ దాని పేరు చార్టర్ స్కూలు. ఫీజు ఉండదు. డబ్బు సర్కారుది, పెత్తనం ప్రైవేటు సంఘానిది. చెరువు పంచాయతీది, చేపలు పాటదారువి అన్నట్టు ఉంటుంది కనుక మనకు అర్థం చేసుకోవడం కష్టం కాదు. ప్రతి బడి గుమ్మం మీదా ఒకటే ప్రతిజ్ఞ: మీ పిల్లలను కాలేజీకీ, కొలువుకూ సిద్ధం చేస్తాం. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు.

నాలుగేళ్ల కిందట డల్లాస్ శివారులో మా మేనకోడలి ఇంట్లో ఆ లాటరీ చూశాను. సాయంత్రం ఆరింటికి దేవుడి దగ్గర దీపం వెలిగించి, ల్యాప్‌టాప్‌కు కుంకుమ బొట్టు పెట్టారు. ఆయుధపూజ ఇప్పుడేమిటని అడిగాను. "లాటరీ మామయ్యా, కాసేపు మాట్లాడకండి" అంది అమ్మాయి. అల్లుడు మెయిల్ తెరవడానికి జంకి, దాన్ని తెరిచే బాధ్యత ఎనిమిదేళ్ల కొడుక్కే అప్పగించాడు. సీటు వచ్చింది. మా అక్క ఇండియా నుంచి వీడియోలో కన్నీళ్లు పెట్టుకుంది. వాడు చేరబోయేది మూడో తరగతిలో.

చేరిన వారానికే వాడికి పేరు పోయి సంవత్సరం వచ్చింది. ఆ బడిలో తరగతిని, పిల్లలు కాలేజీలో అడుగు పెట్టబోయే ఏడాదితో పిలుస్తారు. "నేను 2032, తాతయ్యా" అని ఫోనులో గర్వంగా చెప్పాడు. మా చిన్నప్పుడు అంకెలతో పిలిచేది రైలు ఇంజన్లనూ, జైల్లో ఖైదీలనూ. కాలం ముందుకు నడిచిందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఈ బళ్ల పుట్టుకలోనే ఒక చమత్కారముంది. 1988లో ఈ ఆలోచనను ఊరూవాడా ప్రచారం చేసినవాడు ఆల్బర్ట్ షాంకర్. ఆయన ఉపాధ్యాయ సంఘం నాయకుడు. టీచర్లే చిన్న చిన్న ప్రయోగశాలల వంటి బళ్లు నడిపి, పనికొచ్చిన పద్ధతులను మిగతా ప్రభుత్వ బళ్లకు అందించాలన్నది ఆయన ఆశ. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, 1992లో సెయింట్ పాల్ నగరంలో మొదటి బడి తెరిచారు. కొద్ది కాలానికే షాంకర్ తన ఆలోచన ఎవరి చేతుల్లో పడిందో చూసి దానికే ఎదురు తిరిగాడు. భస్మాసురుడికి వరమిచ్చినవాడు పరుగెత్తక తప్పుతుందా? ఇప్పుడు ఆ బళ్లలో దాదాపు 37 లక్షల మంది చదువుతున్నారు. అమెరికా ప్రభుత్వ బడి పిల్లలు నూరుగురిలో ఏడుగురన్నమాట.

వీటిని "పబ్లిక్ చార్టర్ స్కూలు", అంటే ప్రభుత్వ బడే, అనాలని నిర్వాహకుల పట్టుదల. పక్షులూ జంతువులూ యుద్ధం చేసుకున్నప్పుడు గబ్బిలం ఏ పక్షాన నిలిచిందో మనం చిన్నప్పుడే చదువుకున్నాం. సర్కారు తలకింత అని డబ్బిచ్చేటప్పుడు ఇవి పక్షులు. 2020లో కరోనా దెబ్బకు చితికిన చిన్న వ్యాపారాలకు కేంద్రం రుణాలిచ్చినప్పుడు చాలా చార్టర్ బళ్లు జంతువులై ఆ వరుసలోనూ నిలబడ్డాయి. మామూలు ప్రభుత్వ బళ్లకు ఆ అర్హతే లేదు. నార్త్ కరోలినాలో ఒక చార్టర్ బడి ఆడపిల్లలు లంగాలే వేసుకోవాలని నియమం పెట్టింది. ఎందుకంటే స్త్రీ సుకుమారమైన పాత్ర వంటిది, పురుషుడు ఆమెను కాపాడాలి అని వ్యవస్థాపకుడు ఒక తల్లికి జవాబు రాశాడు. పిల్లలు కోర్టుకెళితే, రాజ్యాంగం ప్రభుత్వానికే వర్తిస్తుంది, మేము ప్రభుత్వం కాదు కదా అని బడి వాదించింది. 2022లో అప్పీలు కోర్టు ఆ గబ్బిలాన్ని పక్షుల పక్షానే కూర్చోబెట్టింది. ఆడపిల్లలు ప్యాంటు వేసుకోవచ్చని తేలడానికి ఆరేళ్లు పట్టింది. కాలేజీకీ, కొలువుకూ సిద్ధం కావడంలో లా కోర్సు కూడా కలిసొచ్చిందని సరిపెట్టుకోవాలి.

ఇక అసలు శాస్త్రానికి వద్దాం. "మా విద్యార్థుల్లో నూటికి నూరు మందికీ కాలేజీలో సీటొచ్చింది." ఈ వాక్యం కనబడని చార్టర్ కరపత్రం అరుదు. మొదట నేనూ నోరు తెరిచాను. తర్వాత తెలిసిన రహస్యమేమిటంటే, కొన్ని చార్టర్ బళ్లలో కాలేజీ ప్రవేశపత్రం చేతికొస్తేనే పట్టా ఇస్తారు. పెళ్లి కుదిరిన పిల్లనే పెళ్లికూతురంటాం. అంచేత పెళ్లికూతుళ్లలో నూటికి నూరు మందికీ పెళ్లి కుదిరింది. ఇందులో తప్పు పట్టడానికేముంది?

అయినా నూటికి నూరు ఊరికే రాదు, దానికి సాధన కావాలి. న్యూయార్క్‌లో సక్సెస్ అకాడమీ 2006లో హార్లెంలో మొదలైంది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరినవాళ్లు 73 మంది. 2018లో మొదటి బ్యాచ్ పట్టా పుచ్చుకుంది, 16 మంది. ఆ పదహారుగురికీ మంచి కాలేజీల్లో సీట్లొచ్చాయి. పత్రికలు పొగిడాయి, పొగడాల్సిందే. మిగతా 57 మంది ఏమయ్యారంటే, కుటుంబాలు ఊళ్లు మారుతుంటాయి, పిల్లలు బళ్లు మారుతుంటారు, పన్నెండేళ్లు తక్కువ కాలమా అని జవాబు. నిజమే. కాకపోతే అదే సంస్థకు చెందిన బ్రూక్లిన్ బడిలో ప్రిన్సిపాల్ తయారు చేసిన ఒక జాబితా 2015లో పత్రికకెక్కింది. దాని తలకట్టు "వెళ్లిపోవాల్సినవాళ్లు". అందులోనూ 16 పేర్లే ఉన్నాయి. అది పొరపాటని, ప్రిన్సిపాల్‌ను మందలించామని సంస్థ చెప్పింది. పొరపాటే అయి ఉంటుంది. మంచి వంటవాడు బియ్యంలో రాళ్లు ఏరుతాడు గానీ, ఏరిన రాళ్ల లెక్క రాసిపెట్టుకోడు.

షికాగోలో నోబుల్ అనే చార్టర్ సంస్థ పిల్లలకు డబ్బు విలువ నేర్పింది. బూటు లేసు కట్టుకోకపోతే ఒక మచ్చ, టీచరు కళ్లలోకి చూడకపోతే ఒక మచ్చ, నిప్పుల్లాంటి కారం చిప్స్ బడికి తెస్తే మచ్చలు. నాలుగు మచ్చలు పడితే బడయ్యాక కూర్చోబెట్టి, 5 డాలర్ల జరిమానా. ఇటువంటి జరిమానాలూ, ప్రవర్తన తరగతుల ఫీజులూ కలిపి మూడేళ్లలో దాదాపు 4 లక్షల డాలర్లు వసూలయ్యాయని 2012లో బయటపడింది. కట్టినవాళ్లలో ఎక్కువమంది పేదలు. కారం తిన్నందుకు జరిమానా అన్నప్పుడే నాకు గుంటూరు పిల్లల భవిష్యత్తు మీద బెంగ పట్టుకుంది. 2014లో ఆ వసూళ్లు మానేశారు కనుక ప్రస్తుతానికి గండం గడిచింది.

అదే షికాగోలో, నల్లజాతి మగపిల్లల కోసం పెట్టిన అర్బన్ ప్రెప్ అనే బడిని గురించి ఎగతాళి చేయడానికి నాకు కలం రాలేదు. అక్కడ పిల్లలు ఎర్ర టై కట్టుకుంటారు. కాలేజీ సీటొచ్చిన రోజు అందరి ముందూ ఆ టై విప్పి, ఎరుపూ బంగారు చారలున్న టై కట్టించుకుంటారు. 2010లో మొదటి బ్యాచ్‌లో 107 మందీ అలా టై మార్చుకున్నారు. చుట్టూ తుపాకులు పేలే పేట నుంచి నడిచొచ్చిన పిల్లవాడు మెడ వంచి ఆ టై కట్టించుకుంటుంటే, నాలుగేళ్ల కిందట వాడితోపాటు చేరినవాళ్లు దాదాపు 150 మంది కదా అని లెక్క తీయడానికి ఎంత రాతి గుండె కావాలి? చూశారుగా, తీసేశాను.

సీటు రావడం ఒకటి, చదువు గట్టెక్కడం ఒకటి. ఈ తేడాను బయటపెట్టి వృత్తి ధర్మానికి ద్రోహం చేసింది కిప్ అనే సంస్థ. 1994లో హ్యూస్టన్‌లో ఇద్దరు కుర్ర టీచర్లు మొదలుపెట్టారు. తమ తొలినాటి విద్యార్థులు ఏమయ్యారో వెతికి, వారిలో నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేసినవాళ్లు 33 శాతమని 2011లో వాళ్లే అచ్చు వేశారు. అమెరికాలో పేద పిల్లల సగటుకు అది ఎంతో ఎక్కువే. అయినా మెడకు దండ పడాల్సిన చోట ఇంటి గుట్టు ఎవరైనా విప్పుకుంటారా? పైగా వాళ్లు హారంలో, ఎనిమిదో తరగతి దాటాక తమ బడి విడిచిపోయినవాళ్లను కూడా కలిపారు. మన కాలేజీల యాజమాన్యాలకు ఈ సంగతి చెప్పకండి, జ్వరాలొస్తాయి.

ఒహాయోలో 2000లో పుట్టిన ఆన్‌లైన్ చార్టర్ బడి ఈ చిక్కులన్నిటికీ మూలం పట్టుకుంది. దాని పేరు "రేపటి ఎలక్ట్రానిక్ తరగతి గది". మన కిరాణా కొట్లలో "అప్పు రేపు" అని రాసి ఉంటుందే, ఆ రేపు ఇదే. తమ దగ్గర 15 వేల పైచిలుకు పిల్లలున్నారని చెప్పి డబ్బు తీసుకుంటే, అధికారులు లాగిన్ లెక్కలు తీయించారు. 6,300 మందికి మించి తేలలేదు. బడి వాదన వినదగ్గది: చట్టం ప్రకారం మేము ఏడాదికి 920 గంటల చదువు అందుబాటులో పెట్టాలి, పిల్లవాడు అందుకున్నాడా లేదా అన్నది మా పని కాదు. వడ్డించడం మా వంతు, విస్తరి ముందు మనిషి ఉన్నాడా అని అడక్కండి! 2018లో ఆ బడి మూతపడింది. ఇటువంటి ఆన్‌లైన్ చార్టర్ పిల్లలు లెక్కల్లో ఏడాదికి 180 రోజుల చదువు వెనకబడుతున్నారని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో తేల్చారు. అమెరికాలో బడి సంవత్సరమే 180 రోజులు. ఆ పరిశోధకులే 2023లో మొత్తం చార్టర్ బళ్లను చూసి, సగటున చదవడంలో 16 రోజులు, లెక్కల్లో 6 రోజులు ముందున్నాయనీ చెప్పారు. కొన్ని నగరాల్లో పేద పిల్లలకు ఇంకా చాలా మేలు జరిగిందట. ఆ ఆరు రోజుల మాట నేను దాచేస్తే, నన్నూ కరపత్రం రాయడానికి పిలుస్తారు.

కాలేజీ సంగతి సరే, కొలువు? టెక్సాస్‌లో ఐడియా అనే పెద్ద చార్టర్ సంస్థ ఉంది. ఏటా అందరికీ కాలేజీ సీట్లని చెప్పుకొనే సంస్థే. 2019లో ఏడాదికి దాదాపు 20 లక్షల డాలర్ల చొప్పున ప్రైవేటు జెట్ అద్దెకు తీసుకోవడానికి దాని బోర్డు సరేనంది. గోల రేగి మానుకున్నారు. మరుసటి ఏడాది సీఈవో దిగిపోతూ 9 లక్షల డాలర్లు వీడ్కోలు సొమ్ము అందుకున్నాడు. చార్టర్ బళ్లు కొలువులకు సిద్ధం చేయవని ఇంకా ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పోయినేడాది మళ్లీ డల్లాస్ వెళ్లాను. వాకిట్లో అడుగు పెట్టగానే "2032 ఏడీ?" అని కేకేశాను. ఎవరూ నవ్వలేదు. అయిదో తరగతి సగంలో వాడిని ఆ బడి నుంచి తీసేశారట. రాత్రి పదింటిదాకా హోంవర్కు, ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి. ఒకరోజు రమ్మంటే వెళ్లారు. బల్లకు అవతల ముగ్గురు, బల్ల మీద ముఖం తుడుచుకునే కాగితాల పెట్టె. ఈ వాతావరణం బాబుకు సరిపడుతుందా అని మనందరం కలిసి ఆలోచిద్దాం అన్నారట, ఎంతో ప్రేమగా.

"గెంటేశారన్నమాట" అన్నాను.

"లేదు మామయ్యా, మేమే తీసేశాం. ఫారంలోనూ అలాగే ఉంది, తల్లిదండ్రుల ఇష్టప్రకారం అని. నేనే సంతకం పెట్టాను."

మర్నాడు వీధి చివరి మామూలు ప్రభుత్వ బడికి కరెంటు బిల్లు తీసుకెళితే, అరగంటలో చేర్చుకున్నారట. దీపం, బొట్టు అవసరం పడలేదు. వాడికి మళ్లీ పేరొచ్చింది. పాత బడి గేటు మీద మాత్రం నూటికి నూరు అన్న బ్యానరు అలాగే ఉంది. పచారీ కొట్టుకు ఆ దారినే వెళ్లాలి. మా అమ్మాయి చుట్టుదారిలో వెళుతుంది.

ఆ సాయంత్రం వాడు భిన్నాలు చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. పైదాన్నీ కిందిదాన్నీ ఒకే అంకెతో భాగించి చిన్నది చేయాలి. కింద ఉన్నదాన్ని తెలుగులో ఏమంటారని అడిగాడు. హారమని చెప్పి, చిత్తుకాగితం మీద ఒక భిన్నం రాసి వాడి ముందు పెట్టాను. పైన 16, కింద 73.

రెండుతో చూశాడు. మూడుతో చూశాడు. పెన్సిలు కొరుకుతూ ఏడుతోనూ చూశాడు.

"ఇది ఇంతే తాతయ్యా, ఇంక చిన్నది కాదు" అని కాగితం నాకే ఇచ్చేశాడు.