నల్లగొండలో డీజిల్ కారు ఎవరికి?
కుటుంబానికి డీజిల్ కారే లాభమని ఒక వ్యాసంలో రాశారు. మైలేజీ వరకు ఒప్పుకుంటాను, కానీ పొగలోని మసిని పట్టి ఉంచే వడపోత గురించి ఒక్క మాటైనా లేకపోవడం అన్యాయం. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే ఈ వడపోత ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, బండి కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. నల్లగొండలో ఇంటి నుంచి బడికి, బడి నుంచి క్లాక్ టవర్‌కు తిరిగే కారుకు ఆ అవకాశం ఎక్కడిది? మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడూ పట్టించుకోకపోతే వేలల్లో ఖర్చు. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి తరచూ హైదరాబాద్ వెళ్లేవారికి డీజిల్ నిజంగా మంచిదే. మిగతావారు దయచేసి పెట్రోలు చూడండి. అన్నట్టు, కొన్ని మోడళ్లలో పొగలోని హానికర వాయువులను తగ్గించే డీఈఎఫ్ ద్రవం కూడా పోయించాలి. బయానా ఇచ్చేముందే షోరూంలో అడగండి.