మారిషస్ టూరులో ఒక్క రోజు అడుగుతున్నాను

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మొన్నటి మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో రెండు సంగతులు వెంటవెంటనే జరిగాయి. విడివిడిగా జరిగి ఉంటే నేనూ అందరిలాగే మర్చిపోయేదాన్నేమో. పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు అయ్యాక, ఇక్కడే పెర్త్‌లో స్థిరపడ్డ మారిషస్ తెలుగు పెద్దావిడ ఒకరు రామభజన పాడడానికి స్టేజి ఎక్కారు. రెండో చరణంలో ఉండగానే రాఫిల్‌కి (లక్కీ డ్రాకి) టైమైందని మైకు తీసేసుకున్నారు. నా వెనక వరసలో ఎవరో "ఇదేం తెలుగండీ బాబూ" అని నవ్వారు.

ఆ వెంటనే, జూలై సెలవుల్లో సంఘం తరఫున మొట్టమొదటి మారిషస్ టూరు అంటూ స్క్రీను మీద వేశారు. బెల్ మార్‌లో రిసార్టు, ఇల్ ఓ సెర్ఫ్ దీవికి పడవ, షమరెల్‌లో ఏడు రంగుల నేల, ఒక రాత్రి డీజే, భోజనాలకి మన వంటవాళ్ళు. ఒకాయన లేచి "అక్కడ మన తెలుగువాళ్ళెవరైనా ఉంటారాండీ?" అని అడిగారు. "సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కడైనా ఉంటారు కదండీ" అని స్టేజి మీంచి జవాబొచ్చింది. భజన పాడిన ఆవిడ మూడో వరసలోనే కూర్చుని ఉన్నారు.

భోజనాల దగ్గర ఆవిడ పక్కన చేరాను. ఒళ్ళో ప్లాస్టిక్ అట్ట వేసిన చిన్న నోటుబుక్కు. లోపల భజనలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఫ్రెంచి స్పెల్లింగు పద్ధతిలో రాసుకున్నారు. వాళ్ళమ్మగారు మందిరంలో పాడుతుంటే విని రాసుకున్నవట. ఒక్కో పాట కింద ఎక్కడ అడుగు వెయ్యాలో, ఎక్కడ తాళం మారాలో పెన్సిలు గుర్తులు. మధ్యలో దీపం పెట్టి దాని చుట్టూ తిరుగుతూ పాడతారు గనుక ఆ గుర్తులు కావాలి మరి. స్టేజి మీద ఒంటరిగా నిలబెట్టి ఐదు నిమిషాల్లో పాడెయ్యమంటే అందులో ఏం కనపడుతుంది?

"మీది యే ఊరు అమ్మా?" అని అడిగారు. కాకినాడ దగ్గర తాళ్ళరేవు అన్నాను. "కోరంగి?" అంటూ ప్లేటు పక్కన పెట్టేసి నా చెయ్యి పట్టుకున్నారు. వేళ్ళకి పులిహోర పసుపు అలాగే ఉంది. "మా వాళ్ళు అక్కడ ఓడ ఎక్కినారు" అన్నారు, నిన్నో మొన్నో జరిగినట్టు. ఆవిడ ఎప్పుడూ ఇండియా వెళ్ళలేదు.

నేను ఆ ఊరి పక్కనే పెరిగాను. కోరంగి అంటే మాకు మడ అడవులు, పడవ షికారు, యానాం వెళ్ళే బస్సు. 1839 తుపానులో రేవు తుడిచిపెట్టుకుపోయిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ రేవు నుంచి మన జనం చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్ళారని మాత్రం బళ్ళో గానీ ఇంట్లో గానీ ఎవరూ చెప్పలేదు.

1834లో మొదలై 1920 దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా మారిషస్ రేవులో దిగారు. బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకి పనివాళ్ళు కావాల్సి వచ్చింది, మన పల్లెల్లో కరువు, అప్పు తరిమాయి. తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనేవారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, ఊళ్ళలో మందిరాలు కట్టుకున్నారు, ప్రభుత్వ బళ్ళలో తెలుగు పాఠం సాధించుకున్నారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. ఇక్కడ మనం ఉగాదిని ఏ శనివారానికి జరపాలా అని ఏటా వాట్సాప్‌లో తర్జనభర్జన పడుతుంటాం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దీవిలోనే. అలాంటి చోటికి ఒక తెలుగు సంఘం, సంఘం పేరు మీద వెళ్తూ, ఒక్క తెలుగు గడప తొక్కకుండా తిరిగి రావడం నాకు మింగుడు పడడం లేదు.

సెలవన్నది విశ్రాంతికే, కాదనను. మన సంఘంలో సగం మంది నర్సింగు షిఫ్టుల వాళ్ళు, మైన్స్‌కి వారాల తరబడి వెళ్ళొచ్చేవాళ్ళు. పిల్లలకి నీళ్ళు కావాలి, ఇసక కావాలి. ఇక్కణ్ణుంచి తిన్నగా విమానం ఉంది, ఆస్ట్రేలియా పాస్‌పోర్టుకైనా భారత పాస్‌పోర్టుకైనా ముందుగా వీసా తీసుకునే పని లేదు. మొదటిసారి దీవి చూడాలనుకునే కుటుంబానికి ఇంతకన్నా సులువైన చోటు దొరకదు. కానీ జూలైకి బెల్ మార్ ఎందుకు? అది తూర్పు తీరం. జూలై అక్కడ చలికాలం, ఆగ్నేయపు గాలి నేరుగా అటే కొడుతుంది. పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లోనో, ఉత్తరాన గ్రాన్ బేలోనో దిగితే గాలి పోటు తక్కువ, పిల్లలు హాయిగా నీళ్ళల్లో ఆడతారు. ఈ మాట నాకు చెప్పింది ఆవిడే. కమిటీలో ఎవరైనా ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే స్లైడు వేసేముందే తెలిసేది.

వంటవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఎక్కడికెళ్ళినా పచ్చడి సీసా, పులిహోర డబ్బా లేనిదే కదలని వాళ్ళం మనం. దాన్ని తప్పుబట్టను. ఎనిమిది గంటల ప్రయాణంలో మా అత్తగారి చేతి దద్దోజనం తిన్న పిల్లవాడు సుఖంగా నిద్రపోతాడు. కానీ మూడు పూటలా మన వంటవాణ్ణే తీసుకెళ్ళడమేమిటి? పోర్ట్ లూయీ బజారులో గాతో పిమాన్ అని అమ్ముతారు. నానబెట్టిన పప్పు రుబ్బి, పచ్చిమిరపకాయ కలిపి, నూనెలో వేయించిన చిన్న ఉండలు. కొరికితే మన మసాలా వడే. దాల్ పూరీ మెత్తగా, పల్చగా, లోపల పసుపుపచ్చని పప్పు పొడి. ఒకప్పుడు కూలివాళ్ళు మోసుకెళ్ళిన వంట అది. పక్కనున్న ఆ రుచి వదిలేసి, పెర్త్‌లో ప్రతి శనివారం తినే బిర్యానీ కోసం అక్కడ క్యూలో నిలబడాలా?

అందుకే కమిటీ పెద్దలను అడుగుతున్నాను. టూరులో ఒక్క రోజు ఇవ్వండి. పొద్దున్నే పోర్ట్ లూయీలో ఆప్రవాసి ఘాట్ చూద్దాం. ఓడ దిగిన వాళ్ళు ఎక్కిన రాతి మెట్లు ఇప్పటికీ అక్కడున్నాయి, 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రవేశ రుసుం లేదు. ఇలాంటి సంగతులు తెలుసుకోవాలనుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి మనలో, మోకాలో మహాత్మా గాంధీ సంస్థ దగ్గర వలస రికార్డులు ఉన్నాయని వాళ్ళకి చెప్పండి. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఓడ అందులో రాసి ఉంటాయి. ముందుగా అడిగి, వాళ్ళు వీలు కల్పిస్తే, గోదావరి, విశాఖ జిల్లాల వాళ్ళు తమ ఊరి పేరు అందులో వెతుక్కోవచ్చు. సాయంత్రం ఏదో ఒక ఊళ్ళో మందిరానికి, ముందుగా కబురు పెట్టి, వాళ్ళు రమ్మన్న వేళకి వెళ్దాం. మనం స్టేజి ఎక్కొద్దు, శాలువాలు కప్పొద్దు. వాళ్ళ భజనలో కూర్చుందాం, రమ్మంటే దీపం చుట్టూ వాళ్ళ వెనకే నడుద్దాం. మన పిల్లల తెలుగూ వాళ్ళ పిల్లల తెలుగూ ఒకలాగే తడబడతాయి. కలిసి ఆడుకోవడానికి అది చాలు.

ఆ రోజు కార్యక్రమం ఎలా ఉండాలో ఆవిణ్ణే అడగండి. వచ్చే కమిటీ మీటింగుకి ఆవిణ్ణి పిలవండి. ఫోను చేసి రమ్మంటే సరిపోదు, ఇద్దరు ఇంటికెళ్ళి పిలవండి. నేనూ వస్తాను. రిసార్టుకి అడ్వాన్సు కట్టకముందే వెళ్దాం.