తుపాకీకి లైసెన్స్, మ్యాగజైన్‌కు స్వేచ్ఛ

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 2019 మార్చి 15న 51 మందిని పొట్టనబెట్టుకున్నవాడు దొంగ తుపాకులు కొనలేదు. ఆ దేశంలో సాధారణ పౌరుడికి ఇచ్చే మామూలు లైసెన్స్‌తోనే దుకాణంలో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలి తర్వాతి తూటా దానంతటదే ఎక్కేవి, కొన్నాడు. అప్పటి చట్టం ప్రకారం ఆ రైఫిల్‌కు పెద్ద మ్యాగజైన్, అంటే తూటాలు ఎక్కువ పట్టే పెట్టె, తగిలిస్తే అది మరో తరగతిలోకి వెళ్తుంది, ప్రత్యేక అనుమతి కావాలి. మరి ఆ మ్యాగజైన్ కొనడానికి? ఏ కాగితమూ అక్కర్లేదు. తగిలించడం నేరం, అమ్మడం వ్యాపారం! ఆ సందులోంచే అతను దూరాడు. ఆ రోజు చనిపోయినవారిలో హైదరాబాద్, కరీంనగర్‌ల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవారూ ఉన్నారు కాబట్టి, ఇది ఎక్కడో దూరదేశపు వ్యవహారమని మనం పక్కన పెట్టలేం.

నెల తిరక్కుండానే న్యూజిలాండ్ పార్లమెంటు 119–1 ఓట్లతో కొత్త చట్టం చేసింది. సెమీ ఆటోమేటిక్‌ల నిషేధం గురించి ప్రపంచమంతా రాసింది. అదే చట్టంలో చేత్తో పిడి లాగి తూటా ఎక్కించే పంప్ యాక్షన్ షాట్‌గన్ గురించి ఉన్న క్లాజును మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. గొట్టం మ్యాగజైన్‌లో అయిదు తూటాలకు మించి పట్టే పంప్ షాట్‌గన్ నిషిద్ధం. విడదీసి మార్చుకునే మ్యాగజైన్ తగిలించడానికి వీలున్న పంప్ షాట్‌గన్ అయితే, అందులో ఎన్ని తూటాలు పడతాయన్న లెక్కే లేకుండా నిషిద్ధం. తగిలించి ఉండాల్సిన పని లేదు, వీలుంటే చాలు. ఈ ‘వీలుంటే చాలు’ అన్న గీతను మేము సమర్థిస్తున్నాం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ తుపాకీ సంగతి కొంత చెప్పాలి.

పంప్ షాట్‌గన్‌లో బ్యారెల్ కిందే మరో గొట్టం ఉంటుంది. తూటాలు అందులో ఒకదాని వెనుక ఒకటి వరుసగా పడుకుని ఉంటాయి. ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే కాలిన తూటా బయటపడి కొత్తది లోపలికి వస్తుంది. గొట్టం ఖాళీ అయితే మళ్లీ ఒక్కొక్కటిగా బొటనవేలితో కింది నుంచి ఎక్కించాల్సిందే. అమెరికాలో 1950 నుంచి ఉన్న రెమింగ్టన్ 870, ఆ తర్వాత 1960ల్లో వచ్చిన మాస్‌బర్గ్ 500 ఈ పద్ధతిలోనివే. రెండూ విడివిడిగా కోటికి పైగా తయారయ్యాయి. రైతు ఇంట్లో, బాతుల వేటగాడి భుజాన, పోలీసు కారులో కనిపించేది ఇదే తుపాకీ. దీన్ని ఊడదీసి మార్చుకునే పెట్టె మ్యాగజైన్‌కు మార్చే కిట్లు అక్కడి మార్కెట్లో చాలాకాలంగా దొరుకుతున్నాయి. గిరాకీ చూసి 2018లో ఆ రెండు కంపెనీలే నేరుగా రంగంలోకి దిగాయి. రెమింగ్టన్ 870 డీఎం ఆరు తూటాల మ్యాగజైన్‌తో వచ్చింది. మాస్‌బర్గ్ 590ఎంకు అయిదు నుంచి ఇరవై తూటాల దాకా పట్టే మ్యాగజైన్లు పెట్టారు. షాట్‌గన్‌కు ఇరవై!

మార్చినంత మాత్రాన తుపాకీ వేగం పెరగదని దాన్ని ఇష్టపడేవారు అంటారు. నిజమే, ప్రతి తూటాకూ పంపు లాగాల్సిందే. మారేది వేగం కాదు, ఖాళీ అయిన తర్వాత వచ్చే విరామం. ఒక్కో తూటా ఎక్కించుకుంటూ కూర్చునే ఆ సమయం కాస్తా రెండు మూడు సెకన్లకు కుదించుకుపోతుంది. ఆ విరామం విలువ ఎంతో 2011 జనవరిలో అరిజోనాలోని టూసాన్‌లో తెలిసింది. అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్‌పై కాల్పులు జరిపినవాడు 33 తూటాల మ్యాగజైన్‌ను ఖాళీ చేసి, ఇంకోటి ఎక్కించబోతుండగా అక్కడున్న జనం మీదపడి పట్టుకున్నారు. అరవై ఏళ్లు దాటిన ఒకావిడ కిందపడి ఉండి కూడా అతని చేతికి రెండో మ్యాగజైన్ అందకుండా లాక్కుంది. అప్పటికే ఆరుగురికి ప్రాణాంతకమైన గాయాలయ్యాయి. అందులో ఒకరు తొమ్మిదేళ్ల పాప. ఆ విరామం ఇంకా ముందే వచ్చి ఉంటే అన్న ప్రశ్న అమెరికాలో ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

అవతలివారి వాదనలో బలమైనది కూడా ఒకటి ఉంది. గొట్టంలోని తూటాలను తీసేయాలంటే సాధారణంగా ఒక్కోదాన్నీ పంపు లాగుతూ బయటికి రప్పించాలి. పొరపాటున పేలే ప్రమాదం అక్కడే ఉంటుంది. పెట్టె మ్యాగజైన్ అయితే ఊడదీసి, చాంబర్ (పేలడానికి తూటా కూర్చునే అర) చూసుకుంటే అయిపోతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న సౌకర్యం కాదు. దీన్ని ఒప్పుకోవడానికి మాకు ఇబ్బంది లేదు. ఆ సౌకర్యం మూడు తూటాల మ్యాగజైన్‌తోనూ దొరుకుతుంది, దానికి ఇరవై అక్కర్లేదు.

రెండో వాదన వింతగా ఉంటుంది. పెట్టె మ్యాగజైన్లు నమ్మదగినవి కావు, త్వరగా పాడవుతాయి, వాటి గురించి చట్టానికి ఇంత టెన్షన్ ఎందుకు అంటారు. మ్యాగజైన్ తుపాకీలో అన్నిటికన్నా బలహీనమైన భాగమన్న మాట వాస్తవమే. తూటాను ఆపి ఉంచే పై అంచులు, ఫీడ్ లిప్స్ అంటారే, వాటి మీద కింది నుంచి స్ప్రింగ్ ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. ఉక్కయితే కిందపడ్డప్పుడు సొట్ట పడుతుంది, తడికి తుప్పు పడుతుంది. అల్యూమినియం తేలిక, కానీ అంచులు వంగుతాయి. ప్లాస్టిక్ తుప్పు పట్టదు, సొట్ట పడదు. దాని కష్టాలు వేరు: నెలల తరబడి నింపి ఉంచితే అంచులు మెల్లగా విచ్చుకోవచ్చు, రకాన్ని బట్టి చలికి పెళుసెక్కి పగలవచ్చు. షాట్‌గన్‌కు అదనంగా ఇంకో తలనొప్పి ఉంది. దాని తూటా ఒళ్లే ప్లాస్టిక్. పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చి చాలాకాలం నొక్కి ఉంచితే గుండ్రని తూటా కాస్తా నలిగి, ఇరుక్కుంటుంది.

ఈ విషయంలో మన అనుభవమే మనకు ఉంది. సైన్యానికి ఇచ్చిన ఇన్సాస్ రైఫిల్‌కు లోపలి తూటాలు కనిపించే ప్లాస్టిక్ మ్యాగజైన్ పెట్టారు. 1999 కార్గిల్ యుద్ధంలో, ఆ ఎత్తుల్లో, ఆ చలికి అవి పగిలిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. కొండ మీద జవాను ప్రాణం చేతిలోని రైఫిల్ మీద ఎంతగా ఆధారపడిందో, కింద తగిలించిన ఆ ప్లాస్టిక్ పెట్టె మీదా అంతే ఆధారపడింది.

కానీ పాడయ్యే వస్తువు కాబట్టి పట్టించుకోవద్దన్న మాట తలకిందులు తర్కం. పాడవుతుంది కాబట్టే మనిషి ఒకటి కొని ఊరుకోడు, నాలుగైదు కొని పెట్టుకుంటాడు. కంపెనీలు దాన్ని టైరులాగా మార్చుకోవాల్సిన సరుకుగా అమ్ముతాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దాని మీద సీరియల్ నంబరు గానీ కొన్నవాడి పేరు గానీ ఎక్కడా నమోదు కావు. పోనీ మంచి ఉక్కుతో, మంచి పాలిమర్‌తో చేసి మన్నేలా ఉందనుకుందాం. అప్పుడు చట్టానికి ఇంకా పెద్ద చిక్కు. 1994లో అమెరికా పది తూటాలకు మించిన మ్యాగజైన్లను నిషేధించింది, కానీ అప్పటికే తయారై ఉన్నవాటిని వదిలేసింది. దశాబ్దాలు మన్నే వస్తువును ‘పాతదైతే ఫరవాలేదు’ అంటే ఏమవుతుంది? పదేళ్లూ పాత సరుకు అమ్ముడవుతూనే ఉంది. 2004లో ఆ చట్టం గడువు తీరి రద్దయ్యేనాటికి అమెరికాలో పెద్ద మ్యాగజైన్ల కరవేమీ రాలేదు. పైగా ఆ చట్టం పంప్ యాక్షన్‌లను ముట్టుకోనే లేదు, చేత్తో లాగే తుపాకులన్నిటికీ మినహాయింపు ఇచ్చింది.

న్యూజిలాండ్ ఆ తప్పు చేయలేదు. పాతవాటిని కూడా డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. 2019 డిసెంబరుకల్లా 56 వేలకు పైగా తుపాకులు, దాదాపు 1.88 లక్షల విడిభాగాలు వచ్చి చేరాయి. తుపాకుల కంటే విడిభాగాలు మూడు రెట్లకు పైగా! ఇన్నాళ్లూ చట్టం దేన్ని చూడకుండా ఉందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

బ్రిటన్ ఇంకా ముందే ఈ గీత గీసింది. 1987లో హంగర్‌ఫర్డ్ హత్యాకాండ తర్వాత, మరుసటి ఏడాది చేసిన చట్టంలో మామూలు షాట్‌గన్ సర్టిఫికెట్‌పై ఉంచుకునే తుపాకీకి మ్యాగజైన్ లేకుండా ఉండాలి, ఉంటే ఊడరాకూడదు, రెండు తూటాలకు మించి పట్టకూడదు అని రాశారు. మ్యాగజైన్ ఊడివచ్చిందా, మరింత కఠినమైన అనుమతి కావాలి. అక్కడ బాతుల వేట ఆగిపోలేదు. అమెరికాలోనూ వలస పక్షుల వేటలో షాట్‌గన్‌లో సాధారణంగా మూడు తూటాలకు మించి పట్టకుండా గొట్టంలో అడ్డు పెట్టాలన్న ఫెడరల్ నిబంధన దశాబ్దాలుగా ఉంది. పక్షుల విషయంలో ఎవరూ దీన్ని స్వేచ్ఛ మీద దాడి అనలేదు.

ఈ గీతతో అన్నీ ఆగుతాయని మేము అనడం లేదు. 2013లో వాషింగ్టన్ నేవీ యార్డులో 12 మందిని చంపినవాడు వెంట తెచ్చుకున్నది రెమింగ్టన్ 870, మామూలు గొట్టం తుపాకీ. 2018 జూన్‌లో మేరీల్యాండ్‌లోని క్యాపిటల్ గెజిట్ పత్రికా కార్యాలయంలో అయిదుగురిని బలిగొన్నదీ చట్టబద్ధంగా కొన్న పంప్ షాట్‌గనే. మరునాడు ఆ పత్రిక వచ్చింది. సంపాదకీయ పేజీలో కొద్ది మాటలు తప్ప అంతా ఖాళీ. అలాంటివాడి చేతికి అసలు తుపాకీ ఎలా వచ్చిందన్నది వేరే ప్రశ్న, ఇంకా పెద్ద ప్రశ్న. మ్యాగజైన్ క్లాజు దానికి జవాబు కాదు. చేతికి వచ్చిన తుపాకీ ఎంతసేపు ఆగకుండా పేలుతుందన్నదానికే అది జవాబు.

మన దగ్గర బ్యాంకు గేటు వద్ద గన్‌మ్యాన్ భుజాన వేలాడేది ఎక్కువగా డబుల్ బ్యారెల్ కాబట్టి ఈ గొడవ మనది కాదనిపించవచ్చు. కానీ 12 బోర్ పంప్ యాక్షన్ షాట్‌గన్ మన ఆయుధ కర్మాగారాల్లోనూ తయారవుతోంది. 1959 ఆయుధ చట్టం ‘ఆయుధం’ నిర్వచనంలోనే విడిభాగాలను చేర్చింది, ఆ మేరకు మన పునాది మంచిదే. 2019 సవరణ లైసెన్స్ లేకుండా ఒక కేటగిరీ తుపాకీని మరో కేటగిరీకి మార్చడాన్ని నేరం చేసింది. మరి కేటగిరీ మారకుండా, బ్యారెల్ ముట్టుకోకుండా, కిందొక పెట్టె తగిలించి సామర్థ్యం నాలుగింతలు చేస్తే? కోర్టులో వాదించుకునే అవకాశం వదలకుండా కేంద్ర హోంశాఖ 2016 ఆయుధ నిబంధనల్లో దీన్ని నేరుగా, ‘వీలుంటే చాలు’ అన్న కొలతతోనే రాయాలి. న్యూజిలాండ్‌లో 2023లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం 1983 నాటి ఆయుధ చట్టాన్ని మొత్తంగా తిరగరాసే పని చేపట్టింది. రైతులకూ వేటగాళ్లకూ లైసెన్స్ ప్రక్రియ తేలిక చేయడం మీద మాకు అభ్యంతరం లేదు. పంప్ షాట్‌గన్ క్లాజు జోలికి మాత్రం పోకూడదు.