పీకేసింది పిచ్చిగడ్డి కాదు, గొడుగు గడ్డి

ఒళ్ళు మండిపోతోంది. పెళ్ళికని ఊరెళ్ళి ఈ పొద్దున అనంతపురం వచ్చేసరికి మా గోడ బయట గొడుగు గడ్డి లేదు. మా కాలనీ పెద్దమనుషులు కూలోళ్ళను పెట్టి వేళ్ళతో సహా పీకించి, ఆ జాగాలో సిమెంటు పోయించేశారు. ఎందుకని అడిగితే ఒక పెద్దాయన, "అదంతా పిచ్చిగడ్డి, పాములొస్తాయమ్మా, దోమలు వేరే. నీ మంచికే చేసినాం" అన్నాడు. నా మంచికే అయితే నాకొక ఫోన్ చేయడానికేం?

అది ఎలాంటి జాగానో కాలనీలో అందరికీ తెలుసు. మా జాలారి (అంట్లు కడిగే చోటు) నీళ్ళు, పక్కింటి బట్టలుతికిన నీళ్ళు అన్నీ అక్కడికే ఊరతాయి. ఎండాకాలంలో కూడా బురదే. మందారం పెడితే వేరు కుళ్ళి చచ్చింది, మల్లె కూడా అంతే. చివరికి నర్సరీలో అంబ్రెల్లా పామ్ అని అమ్మే ఈ మొక్కను తెచ్చి పెట్టాను. పేరుకు పామ్ గానీ ఇది తుంగ జాతి. మడగాస్కర్, ఆఫ్రికా వైపు మొక్క. వేళ్ళు నీళ్ళలో నానుతున్నా కుళ్ళదు, తడి ఆరిపోతేనే ఆకు కొసలు ఎండిపోతాయి. కాడ పట్టుకుని వేళ్ళ మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. తలమీద ఆకులు గొడుగు ఊచల్లా చుట్టూ విచ్చుకుంటాయి. ఛాతీ ఎత్తు పెరిగి, ఆ బురదంతా కనపడకుండా పచ్చగా కప్పేసింది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి, "ఏం చెట్టక్కా ఇది?" అని అడిగి పిలకలు తీసుకుపోయేవాళ్ళు.

దాన్ని పట్టుకుని పిచ్చిగడ్డి అంటారా! పొలాల్లో రైతును ఏడిపించే తుంగ వేరు. దానికి మట్టిలో గడ్డలుంటాయి. పైన ఎంత పీకినా ఒక్క గడ్డ మిగిలితే మళ్ళీ మొలుస్తుంది. వేరుశనగ వేసిన ప్రతి ఇంట్లో దాని బాధ తెలుసు. గొడుగు గడ్డి అలా కాదు, ఉన్నచోటే దుబ్బుగా పెరుగుతుంది. విత్తనం కాలువల్లోకి పోతే అక్కడ కూడా మొలుస్తుంది కాబట్టి పూత ఎండకముందే తలలు కోసేసేదాన్ని. చుట్టూ ఇటుకలు కూడా పేర్చాను. ఆ ఇటుకలు కూడా కనపడలేదా వీళ్ళకు?

ఇక దోమల సంగతి. దోమ గుడ్లు పెట్టేది నిలవున్న నీళ్ళలో. నేను మొక్క చుట్టూ జానెడు మందాన కంకర పోశాను. నీళ్ళు కంకర కిందే ఉంటాయి, వేళ్ళు తాగుతాయి, పైన చుక్క నిలవదు. మురుగునీటిని శుద్ధి చేయడానికి ఇదే పద్ధతిలో కంకర పరిచి ఇలాంటి మొక్కలే పెంచుతారు. ఇప్పుడు పోసిన సిమెంటు సమంగా కూడా లేదు. మధ్యలో పల్లం పడింది. అప్పుడే మా జాలారి నీళ్ళు అందులో నిలిచి నురగ కట్టాయి. వారం పది రోజుల్లో గుడ్డు దోమై లేస్తుంది. అప్పుడు డెంగ్యూ అని టెన్షన్ పడేది ఎవరు? మా ఇంట్లో పిల్లలు.

అసలు నా కోపం ఈ ఒక్క మొక్క గురించే కాదు. ఇదే పెద్దమనుషులు మన కాలనీ పార్కులో లాన్ వేయించారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే జిల్లాలో, మే నెలలో, ట్యాంకర్ తెప్పించి గడ్డికి నీళ్ళు పట్టారు! అదే నెల మా వీధిలో బోరు ఆగిపోయి బిందెలు పట్టుకుని నిలబడ్డాం. డబ్బు పెట్టి నీళ్ళు కొని పెంచే గడ్డి అందమట, పారబోసిన నీళ్ళతో పైసా ఖర్చు లేకుండా పెరిగేది పిచ్చిదట. అనంతసాగరం చెరువు పేరుతో పుట్టిన ఊరు మనది. బుక్కరాయసముద్రం చెరువు పక్కనే ఉంది. విజయనగర రాజుల కాలంలో, పడిన వానను ఆపుకోవడానికి అంత కట్టలు పోసిన చోట, ఇవాళ జానెడు తడి కనిపిస్తే సిమెంటు పోస్తున్నాం. ఇంటి చుట్టూ బండలు, వీధంతా సీసీ రోడ్డు. నీళ్ళు భూమిలోకి ఎక్కడ దిగాలి? బోరు ఎండిందని మళ్ళీ ఇంకో వంద అడుగులు దించడం. మొన్న వేపచెట్టు కొట్టేసినప్పుడు కూడా ఇలాగే, చెప్పకుండానే. అప్పుడు ఆకులు రాలుతున్నాయన్నారు.

చెత్తకుప్పలో వెతికి కొన్ని తలలు తెచ్చుకున్నాను. ఆకుల్ని సగానికి కత్తిరించి, తలకిందులుగా బకెట్ నీళ్ళలో వేశాను. రెండు మూడు వారాల్లో ఆకుల మధ్య నుంచి తెల్లటి వేళ్ళు, కొత్త పిలకలు వస్తాయి. ఎవరికైనా కావాలంటే అడగండి, ఇస్తాను. ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌కు నేను వస్తున్నా. ఆ సిమెంటు పగలగొట్టించే ఖర్చు ఎవరిదో అక్కడే తేల్చండి, లాన్‌కు కొన్న ట్యాంకర్ల బిల్లులు కూడా తీసుకురండి.