తాతగారి సొరుగు

యూరప్‌లో ఒక తాతగారున్నారు. పేరేమిటో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. పోయారని మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే వారానికోసారి పోతుంటారు. పోయిన ప్రతిసారీ ఆయన సొరుగులోంచి ఓ రెండు వందల గ్రీకు కంచు నాణేలు వేలానికొస్తాయి. కింద ఎప్పుడూ ఒకటే ముక్క: "పాత యూరోపియన్ సేకరణ నుంచి".

పాత నాణేలు పోగేసే జబ్బున్న మనబోటివాళ్లందరికీ ఆ ముక్క కంఠతా వచ్చే ఉంటుంది. వెండి మన తాహతుకు మించింది. బంగారం ఊసే వద్దు, నల్లసముద్రం ఒడ్డునున్న పాత గ్రీకు ఊరు పాంటికాపయాన్‌ది, గడ్డపాయన ముఖమున్న బంగారు నాణెం ఒకటి 2023 వేలంలో దాదాపు 60 లక్షల డాలర్లు పలికింది. అదే ఊరి కంచు నాణెం, అదే గడ్డపాయన ముఖంతో, ఇంటిల్లిపాదీ ఓ పూట హోటల్‌కెళ్లే ఖర్చుకొస్తుంది. చేతిలో ఎర్ర ఏగానీ లేదంటామే, ఆ ఏగానీకి గ్రీకు చుట్టాలన్నమాట.

జర్మనీలో ఉద్యోగం వెలగబెడుతూ నేనూ ఒకటి కొన్నాను. ఇటలీ పక్కన సిసిలీ దీవిలోని సిరక్యూస్‌ని ఏలిన గ్రీకు రాజు రెండో హియరోన్‌ది. ఒకవైపు సముద్రదేవుడు పొసైడన్, రెండోవైపు త్రిశూలం, దానికి చెరోపక్కా డాల్ఫిన్. 40 యూరోలు. ఆర్కిమెడీస్ ఆ రాజు కాలంవాడే కనుక అమ్మినవాడు ఆయన్నీ వదల్లేదు, "ఆర్కిమెడీస్ చేతిలో మెదిలిందేమో!" అని రాశాడు. మెదిలే ఉంటుంది. తొట్టి స్నానానికి చిల్లర ఇచ్చుంటాడు.

కవరు విప్పి భూతద్దం పెట్టి చూశాను. త్రిశూలం పళ్ల సందుల్లో మట్టి. పుల్లతో కదిపితే గోధుమరంగు పెళ్ల ఊడొచ్చింది, దానితోపాటే వెంట్రుకంత సన్నటి వేరు ఒకటి. గడ్డి వేరు.

నేను ఊరికే అనుమానించే మనిషిని కాను. తాతగారి సొరుగులో గడ్డి మొలిచిందని సరిపెట్టుకున్నాను. అప్పట్నుంచీ ఆ ఇల్లు కళ్లకు కడుతోంది. పొద్దున్నే కాఫీ తాగి, సొరుగు బయటికి లాగి, రెండు బుట్టల సిసిలీ మట్టి పోసి, పైన నీళ్లు చిలకరిస్తారు. "మళ్లీ తివాచీ అంతా బురద చేశారూ!" అని వంటింట్లోంచి బామ్మగారు. "ఊరుకోవే, చిలుం పట్టొద్దూ!" అని ఈయన. సిసిలీకో సొరుగు, మాసిడోనియాకో సొరుగు. సిరియా సొరుగులో మాత్రం నీళ్లు నిషిద్ధం, అందులో అంతా ఇసుకే. కొనేవాళ్లు ఎడారి చిలుం, అంటే ఇసుక పట్టిన నాణెం, అంటే పడి చస్తారు కదా, కొన్నిటికి జిగురు రాసి మరీ అద్దుతారు. వానపాములు జారి చెప్పుల్లోకి దూరుతున్నాయని బామ్మగారి గోల. రాత్రిళ్లు తాతగారికి నిద్రపట్టదు. ఏ నాణెం ఎక్కడ పెట్టారో గుర్తుండదు, పాపం పెద్దతనం, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని మెటల్ డిటెక్టర్‌తో తన బీరువానే తడుముకుంటారు. ఆదివారం పోతారు. సోమవారానికి కొత్త సొరుగు.

ఇటలీలో 1909 చట్టం నుంచీ నేలలో బయటపడిన పురాతన వస్తువు ప్రభుత్వానిదే. తాతగారు చట్టమంటే గౌరవమున్న మనిషి కనుక అంతకుముందే జేబులో వేసుకుని ఉండాలి. వందేళ్లు దాటినా మట్టి ఇంకా తడి ఆరలేదంటే ఏం పోషణండీ అది! కాగితం ముక్క ఏదైనా ఉందా అని అమ్మినవాణ్ణి అడిగాను. కుటుంబం గోప్యత కోరుకుంటోందట. చెప్పుల జత కొన్నా రసీదిస్తారు.

"పోనిద్దురూ, చిల్లరే కదా" అంటారు సాటి సేకర్తలు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. వెండి దేశాలు తిరుగుతుంది. కంచు చిల్లర సాధారణంగా పుట్టిన ఊళ్లోనే, చుట్టుపక్కలే చెల్లుతుంది. అందుకే అది దొరికిన చోటుకి అంత విలువ. సిసిలీలో సెర్రా ఓర్లాండో అనే గుట్ట మీద 1955లో అమెరికా ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్లు తవ్వకాలు మొదలుపెట్టారు. అది ఏ ఊరో అప్పటికి తేలలేదు. "హిస్పానోరుమ్", అంటే స్పెయిన్‌వాళ్లవి, అని రాసిన కంచు నాణేలు అక్కడ గుట్టలుగా దొరికాయి. మోర్గాంటినా అనే ఊరిని రోమ్ తన పక్షాన చేరిన స్పెయిన్ కిరాయి సైనికులకు ఇచ్చిందని రోమన్ చరిత్రకారుడు లివీ ఎప్పుడో రాసిపెట్టాడు. పురావస్తు పండితుడు కెనన్ ఎరిమ్ రెంటినీ ముడివేసి, ఆ గుట్టే మోర్గాంటినా అని తేల్చాడు. కూరగాయల చిల్లర ఒక ఊరికి పోయిన పేరు తెచ్చిపెట్టింది!

ఆ ఊరినీ దొంగలు తవ్విపోసుకున్నారు. అక్కణ్ణుంచి పోయిందన్న దేవత విగ్రహం లాస్ ఏంజెలిస్ మ్యూజియం దాకా వెళ్లి 2011లో ఇల్లు చేరింది. విగ్రహం కనుక చేరింది. కంచు బిళ్ల కోసం ఎవడు కోర్టుకెక్కుతాడు? కిలోల లెక్కన అమ్ముతారు. ఏ ఇంటి గచ్చు కింద ఉందో, పక్కన ఏ కుండ పెంకుందో, ఏ బూడిద పొరలో ఉందో, అన్నీ పారతో కుళ్లబొడిచి, గొయ్యైనా పూడ్చకుండా పోతారు వెధవలు. ఇంకో ఊరి పేరు ఆ గోతిలోనే పోయిందేమో, ఎవడు చెప్పొచ్చాడు! ఆ వెధవలకు కూలి ఇచ్చింది మాత్రం నేనే. 40 యూరోలు, తపాలా ఖర్చు అదనం.

వేరు పారేయలేదు. నాణెం పక్కనే చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.

నిన్న రాత్రి తాతగారు మళ్లీ పోయారు. ఈసారి మాసిడోనియా సొరుగు, 180 నాణేలు, శుభ్రం చేయనివి.